చౌడమ్మ తలలో ఏమీ నిలవదట

ట్యుటోరియల్ నడిపే నరేశ్ సారు మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, ఆ తరువాతే కుదరదన్నాడు.

"తప్పుగా అనుకోవద్దమ్మా. వయసు గురించి కాదు నేను చెప్పేది. మీకు ఫిట్స్ ఉండాదని మీ వీధివాళ్ళు చెప్పినారు. క్లాసులో పడిపోతే పిల్లలు భయపడతారు. అదీ కాక..." అని ఆగి, వేలితో కణత మీద తట్టుకున్నాడు. "ఆ జబ్బుండేవాళ్ళకి ఇక్కడ నిలవదమ్మా. ఇసకలో నీళ్ళు పోసినట్లే."

చౌడమ్మ గ్లాసు ముట్టుకోకుండా లేచింది.

"నిలుస్తాదో నిలవదో మీకెట్ల తెలుసు సార్? మీరు పోసి చూసినారా?"

జవాబు కోసం ఆగలేదు. చరచరా మెట్లు దిగి వచ్చేసింది. కింద బెంగళూరు బళేపేట సందు ఎప్పటిలాగే కిక్కిరిసి ఉంది. గాజుల పెట్టెలు దించేవాళ్ళు, బట్టల మూటల బండి తోసేవాళ్ళు, దారి ఇవ్వమని కన్నడంలో, తెలుగులో, తమిళంలో అరిచేవాళ్ళు. ఆమె భుజానికి వేలాడుతున్న సంచిలో అవెన్యూ రోడ్డులో పాతవి చూసి కొన్న పదో తరగతి పుస్తకాలున్నాయి. వాటి బరువుకి భుజం లాగుతోంది. ఆ బరువు మీద కూడా కోపం వచ్చిందామెకు. కోపంతోనే గబగబా నడిచి పనిచోటికి చేరుకుంది.

అప్పుడామెకు ముప్పయ్యారేళ్ళు. తాతల కాలంలో మగ్గం పట్టుకుని బెంగళూరు చేరిన తెలుగు నేతవాళ్ళ ఇంటి ఆడపిల్ల. ఇంటి దేవత చౌడేశ్వరి పేరే పెట్టారు. మగ్గాలు అమ్ముడుపోయి చాలా ఏళ్ళయింది. తండ్రి చిన్నప్ప పోయాడు. అన్న గిరిధర్ హార్డ్‌వేర్ దుకాణంలో లెక్కలు రాస్తాడు. చౌడమ్మ పట్టుచీరలకు కుచ్చులు కడుతుంది. పైట కొసన వదిలిన దారాలను పాయలు తీసి, ముళ్ళు వేసి, పూసలు గుచ్చే పని. చీరల దుకాణం పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చుని రోజంతా అదే చేస్తుంది.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున ప్రార్థన లైనులో ఆమె పడిపోయింది. అంతకు ముందు క్లాసులో కూడా పడింది గాని, ఈసారి బడి మొత్తం చూసింది. హెడ్‌మిస్ట్రెస్ చిన్నప్పను పిలిపించి, "ఈ అమ్మాయి తలలో ఏమీ నిలవదు. ఊరికే కూర్చోబెట్టి ఏం లాభం?" అంది. చిన్నప్ప చెడ్డవాడు కాదు, భయస్తుడు. మరుసటి రోజు నుంచి బడి మానిపించాడు.

ఆ మాట మాత్రం ఇంట్లోనే కాపురం పెట్టింది. చౌడమ్మ కూరలో ఉప్పు మరిచిపోతే, "దాని తలలో ఏం నిలుస్తాది లే" అనేవారు. అదే ఉప్పు వదిన మరిచిపోతే ఉప్పు తక్కువైందనేవారు, అంతే. ఈ తేడా చౌడమ్మకు చాలా చిన్నప్పుడే అర్థమైంది. అర్థమైనా, వినీ వినీ ఆ మాటను ఆమే సగం నమ్మేసింది.

అయితే అన్నీ నమ్మే రకం కాదు. పెళ్ళి చూపులకు ఒకసారి హోసకోట నుంచి వచ్చారు. జబ్బు సంగతి ఎత్తవద్దని గిరిధర్ ముందే గట్టిగా చెప్పాడు. చౌడమ్మ కాఫీలు అందించి, నిలబడే చోటనే నిలబడి, "నాకు ఫిట్స్ వస్తాది. దినమూ మాత్రలు మింగుతా. తెలిసి చేసుకునేటట్లుంటే చేసుకోండి" అంది. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. గిరిధర్ నెల రోజులు మాట్లాడలేదు. ఆమెకు మాత్రం ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పుస్తకాలు కొనడానికి కారణం ఆసుపత్రి గోడ మీది ఒక బొమ్మ. మాత్రల కోసం వరసలో నిలబడి ఉండగా కనపడింది. పుస్తకాల సంచి వేసుకున్న ఒక పాప, పక్కన కన్నడంలో పెద్ద అక్షరాలు: ఫిట్స్ ఉన్న పిల్లల్ని బడి మానిపించకండి. చౌడమ్మ దాన్ని చదివింది. మళ్ళీ చదివింది. వెనకవాళ్ళు ముందుకు జరగమని తోస్తుంటే జరగలేదు. ఇరవై రెండేళ్ళు! తనకు చదువుకునే వీలు ఎప్పుడూ ఉండిందన్నమాట. ఎవరో అనేశారు, ఇంకెవరో భయపడ్డారు, అంతే.

లోపలికి వెళ్ళాక డాక్టరమ్మను నిలదీసినట్టే అడిగింది. "ఫిట్స్ ఉంటే తలలో నిలవదనేది నిజమా?"

డాక్టరమ్మ ఫైలు పక్కన పెట్టింది. "ఈ మాత్రలతో కొంచెం నిదానం అవుతుంది. నిదానం వేరు, నిలవకపోవడం వేరు. ఎవరన్నారు మీతో?"

"అందరూ."

"చదవాలనుకుంటే చదవండి. నిద్ర మాత్రం తగ్గించవద్దు. నిద్ర తక్కువైతే ఫిట్స్ వస్తుంది. పైగా పగలు చదివింది తలలో కుదురుకునేది నిద్రలోనే."

ఆ రోజే అవెన్యూ రోడ్డుకు పోయి పుస్తకాలు కొంది. నరేశ్ సారు కాదన్నాక, ఇంక ఎవరినీ అడగకూడదనుకుంది. ఇంటి దగ్గరి ప్రభుత్వ హైస్కూలు ద్వారా ప్రైవేటుగా పరీక్షకు కట్టేసింది.

చదవడమంటే ఆమెకు తెలిసింది ఒకటే: అన్న కూతురు పల్లవి చదివినట్టు చదవడం. పల్లవి కూడా ఆ ఏడు పదో తరగతే. పాఠం మొదటి నుంచి చివరి దాకా చదివి, పసుపు రంగు పూసి, మళ్ళీ మొదటి నుంచి చదివేది. చౌడమ్మా అంతే చేసింది. తల్లి గౌరమ్మ జ్ఞాపకశక్తికి మంచిదని రోజూ సరస్వతి ఆకు, అదే ఇక్కడివాళ్ళు ఒందెలగ అనే ఆకు, తెచ్చి చట్నీ నూరి పెట్టేది.

"చట్నీ బాగుండాదమ్మా" అనేది చౌడమ్మ. "గుర్తు పెట్టుకునే పని మాత్రం దాని మీద వేయొద్దు, నా మీద వెయ్యి."

పైకి అలా అన్నా, లోపల దిగులుగానే ఉండేది. చదువుతున్నంతసేపు అంతా తెలిసినట్టే ఉంటుంది. పుస్తకం మూస్తే పొగమంచు.

ఆ దిగులు బయటపడింది పనిచోట. ఆమె పక్కన కూర్చుని కుచ్చులు కట్టే పాపక్కకు యాభై దాటాయి. మనిషి మంచిదే గాని నోరు ఊరుకోదు, ఎవరో ఒకరు కబురు చెబుతుంటే గాని చేతులు ఆడవు.

"ఏందే, నెల దినాలుగా బుక్కు బుక్కు అంటావుండావు. ఏముండాది దాంట్లో? ఒక కతన్నా చెప్పు, పని జరుగుతాది" అంది ఒకనాడు.

ముందురోజు సాయంత్రమే చౌడమ్మ సిపాయిల తిరుగుబాటు పాఠం నాలుగు సార్లు చదివింది. ధైర్యంగా నోరు తెరిచింది. "బ్రిటిషోళ్ళ మీద సిపాయిలు తిరగబడినారు."

"యాల?"

"తూటాలకి... కొవ్వు పూసినారని."

"కొవ్వు పూస్తే ఏమి? యాడ జరిగె ఇదంతా? మొదట ఎవరు తిరగబడిరి?"

చౌడమ్మ చేతిలో దారం ఆగిపోయింది. పేజీ కళ్ళ ముందు కనిపిస్తోంది. ఏ మూల బొమ్మ ఉందో కూడా కనిపిస్తోంది. అక్షరాలే కనపడడం లేదు. అవతల కూర్చున్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఇన్నాళ్ళూ అందరూ అన్నదే నిజమేమో, తన తల ఇసకేనేమో అనుకుంది.

పాపక్క నవ్వలేదు. "అంత బేజారెందుకు? నేనూ టీవీలో వంటలు చూస్తా. చూసేటప్పుడు అంతా వచ్చేసినట్లే ఉంటాది. పొయ్యి ముందర నిలబడితే ఏది ముందు వెయ్యాల్నో తెలీదు. నువ్వు బుక్కు చూసినావు, అంతే. కత నాకు కావాల. ఊటానికి కూర్చునేలోపల చూసుకొని రా, చెబుదువు."

చౌడమ్మకు రోషం వచ్చింది. భోజనాల వేళ పుస్తకం తీసింది. మొదటి నుంచి చదవలేదు. తాను ఎక్కడ తడబడిందో ఆ మూడు చోట్లే వెతికి చూసింది. మూసేసి, అన్నం తింటూ చెప్పింది. ఈసారి కథ చివరి దాకా నడిచింది, ఒకటి రెండు చోట్ల కుంటుతూనైనా. పాపక్క వేళ్ళు నాకుతూ, "ఇదేదో బాగుండాదే" అంది.

కొన్ని రోజులు గడిచి, చౌడమ్మ ఆమ్లాలు, క్షారాల్లో పడి సిపాయిల సంగతే మరిచిపోయిన ఒక మధ్యాహ్నం, పాపక్క ఉన్నట్టుండి అడిగింది. "ఆ సిపాయిల్ది మళ్ళా చెప్పవే. మొదట తిరగబడినోడి పేరేమి? వాన్ని ఏం చేసిరి?"

చౌడమ్మ విసుక్కుంది. "అది ఐపోయింది గదక్కా, ఇప్పుడు వేరేది చదువుతావుండా."

"నాకు ఐపోలేదు. చెప్పు."

తవ్వుకోవలసి వచ్చింది. పేరు నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోయింది. వదలకుండా పట్టుకుని లాగింది. వచ్చింది! అలా కష్టపడి లాగిన పేరు ఆ తరువాత మళ్ళీ ఎప్పుడూ జారిపోలేదు. ఇది ఆమెకు పెద్ద ఆశ్చర్యం. చదివిన వెంటనే సులువుగా చెప్పినవి నాలుగు రోజులకు ఎగిరిపోతున్నాయి. పోయీ పోనట్టుగా ఉన్నప్పుడు, గింజుకుని వెనక్కి తెచ్చుకున్నవే గట్టిగా నిలుస్తున్నాయి. ఇంతకాలం మరపు రాగానే తన తలకు జబ్బని భయపడింది. అది జబ్బు కాదు, మళ్ళీ ఒకసారి లాగాల్సిన వేళ అని తెలిసింది.

అప్పటి నుంచి పాపక్క అడగడం, ఈమె చెప్పడం రోజువారీ పని అయింది. పాపక్కకు వరస లేదు. ఈ రోజు ఋతుపవనాలు, రేపు అద్దంలో ప్రతిబింబం, ఎల్లుండి మళ్ళీ బ్రిటిషువాళ్ళతో పోరాడిన కిత్తూరు రాణి. ప్రతి దానికి ఎందుకని అడుగుతూ "యాల?" అనేది. ఆ 'యాల'కు జవాబు లేకపోతే తనకు పాఠం రానట్టేనని చౌడమ్మ తేల్చుకుంది. నల్లరేగడిలో పత్తి ఎందుకు బాగా పండుతుందో చెప్పగలిగితే, నేలల పాఠం తనంతట తాను నిలబడేది.

ఒక్క పాఠం మాత్రం ఎవరూ అడగకుండానే ఒక్కసారికి వచ్చేసింది. మెదడు గురించినది. ఒక నరకణం నుంచి ఇంకో నరకణానికి కబురు సన్నటి విద్యుత్తులా ఎలా పారుతుందో అందులో ఉంది. తన ఒంట్లో అప్పుడప్పుడు ఆ కరెంటే కట్ట తెంచుకుంటుందని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ బొమ్మను చౌడమ్మ చాలాసేపు చూసింది. దెయ్యం పట్టిందన్నవాళ్ళు, ఉల్లిపాయ వాసన చూపించినవాళ్ళు, అందరూ గుర్తొచ్చారు. ఇంత చిన్న బొమ్మ తొమ్మిదో తరగతిలోనే చూపించి ఉంటే సరిపోయేది గదా అనుకుంది.

లెక్కలకు మాత్రం పాపక్క పనికిరాలేదు. "దానికి నన్ను పిలవద్దు తల్లీ" అని ముందే చేతులెత్తేసింది.

పరీక్ష సంగతి గిరిధర్ చెవిన పడింది సంక్రాంతి దాటాక. ఆ సాయంత్రం దుకాణం నుంచి వస్తూనే చెప్పులు విడవకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"పరీక్షకి కట్టినావంట? నాతో ఒక మాట చెప్పాలని లేదా?"

"చెప్తే వద్దంటావని తెలుసు."

"యాల వద్దంటానో అది తెలుసా? సెంటర్లో పల్లవి ఫ్రెండ్స్ అంతా ఉంటారు. అందరి ముందర నువ్వు పడితే ఏమౌతాది? రేపు ఆ పిల్లని ఫిట్స్ ఇంటి పిల్ల అంటారు. దానికి సంబంధాలు చూడొద్దా? ఇన్నేండ్లు దాచిపెట్టుకొని వస్తిమి, ఇప్పుడు ఊరంతా చాటుతావా?"

గౌరమ్మ వంటింట్లోంచి వచ్చి, "మెల్లగా మాట్లాడప్పా, వింటారు" అంది.

"విననీ" అంది చౌడమ్మ. ఆమె గొంతు లేవలేదు గాని, తగ్గలేదు కూడా. "నేను పడతా. పడితే లేస్తా. పడేది నేను, నాలుక కొరుక్కునేది నేను. సిగ్గు మాత్రం నీకా? నాయన నన్ను బడి మానిపించినప్పుడు నీకు పదహారేండ్లు. నువ్వు కాలేజికి పోతివి. ఆ పొద్దు నేనేమీ అనలేదన్నా. ఇప్పుడంటావుండా. అడ్డం రావద్దు."

"వచ్చే మార్కులు చూస్తాంలే. నీ తలలో..."

"ఆ మాట పూర్తి చెయ్యి" అంది చౌడమ్మ అన్న కళ్ళలోకి చూస్తూ.

గిరిధర్ చెప్పులు విడిచి లోపలికి పోయాడు. ఆ తరువాత ఇద్దరికీ మాటల్లేవు. ఏం కావాలన్నా గౌరమ్మ నోటి మీదుగానే నడిచేది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. పల్లవి రాత్రంతా లైటు వేసుకుని, కాఫీ తాగుతూ చదవసాగింది. ఆ లైటు చూసి చౌడమ్మ మనసు చెదిరింది. ముట్టుకోని పాఠాలు ఇంకా చాలా ఉన్నాయి. పాపక్కకు చెప్పుకుంటూ కూర్చుంటే అవెప్పుడు అవుతాయి? డాక్టరమ్మ మాట పక్కన పెట్టి, తానూ వరసగా మూడు రాత్రులు నిద్ర మానుకుని పేజీల మీద పేజీలు చదివేసింది, పసుపు రంగు పూసింది.

నాలుగో పొద్దున చాప చుడుతూ పడిపోయింది.

తెలివి వచ్చేటప్పటికి చెంప తడిగా ఉంది, నాలుక మండుతోంది, తల్లి ఏడుపు ఎక్కడో దూరం నుంచి వినపడుతోంది. చేతిలో ఎవరో ఇనుప తాళంచెవి పెట్టారు. అది ఏ రోజో, తానెక్కడ ఉందో తెలియకముందే చౌడమ్మ పిడికిలి విప్పి దాన్ని కింద పడేసింది.

రెండు రోజులు తల నిండా దూది కూరినట్టు ఉంది. పల్లవి పేరు కూడా ఒకసారి వెతుక్కోవలసి వచ్చింది. డాక్టరమ్మ ఫోనులోనే కోప్పడి, పడుకోమంది. గిరిధర్ మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలా రోజుల తరువాత అతని గొంతులో కోపం లేదు, భయముంది. "ఇంక చాలు చౌడీ. నువ్వు బాగుంటే అదే మాకు పది మార్కు కార్డులు."

ఆ మాటకు ఆమె ఏడ్చింది. కోపంగా అన్నప్పుడు ఎదురు తిరగడం సులువు. ప్రేమగా అంటే ఏం చేయాలి? పుస్తకాలు మంచం కింద ఉన్నాయి. తీసి చూసే ధైర్యం లేకపోయింది.

మరుసటి రోజు పాపక్క జామకాయలు పట్టుకుని వచ్చింది. కింద కూర్చుని, గౌరమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఎప్పటిలాగే అడిగింది. "ఆ సిపాయిల కత చెప్పవే."

"నాకేమీ గుర్తులేదక్కా. అంతా పోయింది."

"పేర్లు పోతే పోనీ. తూటాలో ఏముండె?"

"...కొవ్వు."

"ఏం కొవ్వు?"

"ఆవుది, పందిది. నోటితో కొరకాల దాన్ని." చౌడమ్మ లేచి కూర్చుంది. "దాంతో ఇద్దరికీ, హిందువులకీ సాయిబులకీ కోపమొచ్చె. అదొకటే కాదు కారణం. రాజుల సీమలు కూడా లాక్కొనిరి..." నిదానంగా, ఒక్కొక్క ముడీ విప్పినట్టు, కథ మొత్తం బయటికి వచ్చింది. పేర్లతో సహా వచ్చింది. పాపక్క ఊరుకోలేదు. గాలులు ఎటు నుంచి వీస్తాయంది, చీమ కుడితే మంట ఎందుకంది, రాణి కోట ఎలా పడిందంది. అన్నీ ఉన్నాయి! కొన్ని కాస్త దుమ్ము పట్టి ఉన్నాయి, అంతే.

చౌడమ్మ మంచం కింది పుస్తకం లాగింది. ఆ మూడు రాత్రులు చదివిన పాఠాలు తెరిచింది. పసుపు గీతలు తన చేత్తో గీసినవే. వాటిలో ఒక్క ముక్క కూడా తెలిసినట్టు లేదు. మొదటిసారి చూస్తున్న పుస్తకం లాగా ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది. జబ్బు పడ్డాక మొదటి నవ్వు. "అక్కా, చూస్తివా? పోయింది నా తల కాదు. ఊరికే కళ్ళతో చూసింది పోయింది. నోటితో చెప్పింది పోలేదు. ఫిట్స్ వచ్చి గుద్దినా పోలేదు!"

గుమ్మంలో గిరిధర్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు. చౌడమ్మ అతని వైపు తిరిగి, "నేను పరీక్షకి పోతావుండా" అంది. గిరిధర్ పాపక్క తాగిన కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు.

ముట్టుకోని పాఠాలను ఆమె వదిలేసింది. రాత్రి తొందరగా పడుకుని, ఉన్నవాటినే తిప్పి తిప్పి చెప్పుకుంది. ఒక సాయంత్రం పల్లవి వచ్చి, "అత్తా, నన్నూ అట్ల అడుగు" అని పుస్తకం చేతికిచ్చింది. ఆరు సార్లు చదివిన పాఠంలో మొదటి ప్రశ్నకే ఆగిపోయి, ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. "ఏడవొద్దు, ఆగిపోయిన కాడ చూసుకో, మూసేయ్, మళ్ళా చెప్పు" అంది చౌడమ్మ. ఆ రోజు నుంచి మిద్దె మీద మేనత్తా మేనకోడళ్ళ గొంతులు వీధికి వినపడేవి.

మొదటి పరీక్ష రోజు ఆమె అందరికంటే ముందు వెళ్ళి, సెంటరు సూపరింటెండెంటు అమరనాథ్ ముందు డాక్టరమ్మ సర్టిఫికెట్ పెట్టింది. అతను చదివి ఇబ్బందిగా కదిలాడు. మాటలు కన్నడంలో నడిచాయి.

"మిమ్మల్ని విడిగా ఒక రూములో కూర్చోబెడతాం. మిగతా పిల్లలకు ఇబ్బంది లేకుండా ఉంటుంది."

"వద్దు సార్. పడితే చూసే మనిషి ఉండాల, ఒక్కదాన్నే ఉంటే చూసేదెవరు? అందరితోనే కూర్చుంటా. వస్తే ఏం చెయ్యాల్నో చెప్తా వినండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో ఇనుము పెట్టొద్దు, గట్టిగా పట్టుకోవద్దు. ఎక్కువసేపు ఆగకపోతే ఆసుపత్రికి పంపండి. ఆగిపోయి నేను తేరుకుంటే, నా పేపరు నాకియ్యండి."

"ఇంతమంది ముందర... మీకే బాగుండదమ్మా."

"నాకు బాగుంటుంది సార్" అందామె.

అతను సర్టిఫికెట్‌ను ఇంకోసారి చూశాడు. హాల్లో ఉండే టీచరమ్మను పిలిచి, చౌడమ్మ చెప్పిందంతా మళ్ళీ ఆమె చేతనే చెప్పించాడు.

సాంఘికం పేపరు బాగా రాసింది. సైన్సు పరీక్ష రోజున, సగం పేపరు దాటాక, ఏదో కాలిన వాసన వచ్చినట్టయింది. ఫిట్స్‌కు ముందు వచ్చే ఆ వాసన ఆమెకు తెలిసిందే. పెన్ను పక్కన పెట్టేలోపలే చుట్టూ శబ్దాలు దూరమయ్యాయి. మళ్ళీ కళ్ళు కుదురుకునేసరికి కాగితం మీద అడ్డదిడ్డంగా ఒక గీత ఉంది. పక్కన టీచరమ్మ నిలబడి ఉంది, ఆమె భుజం మీద చెయ్యి వేసి. ఎవరూ అరవలేదు, ఎవరూ పరుగెత్తలేదు. వెనక బెంచీల్లో పిల్లలు తమ పేపర్లు తాము రాసుకుంటున్నారు.

"ఎంతసేపైంది?" అని అడిగింది చౌడమ్మ.

"ఒక నిమిషం కూడా కాలేదు. కాసేపు ఊపిరి తీసుకుని రాసుకోండి." టీచరమ్మ కింద పడ్డ పెన్ను తీసి చేతికిచ్చింది.

తల కొంచెంసేపు ఖాళీగా ఉంది. ప్రశ్న చదివితే అర్థం కాలేదు. చౌడమ్మ భయపడలేదు. తెలిసిన చిన్న ముక్క ఒకటి పట్టుకుంది, దాని వెనక 'ఎందుకు' అని అడుక్కుంది, ఆ జవాబు వెనక మళ్ళీ అడుక్కుంది. కాసేపటికి పెన్ను కదిలింది. గంట మోగేసరికి చివరి ప్రశ్న ఒకటే మిగిలింది.

ఫలితాలు గిరిధరే ఫోనులో చూశాడు. తెరను కింది దాకా జరిపి, "అన్నీ పాసు" అన్నాడు. "లెక్కలొకటే పోయింది." పల్లవి అన్నింటిలోనూ గట్టెక్కింది.

గౌరమ్మ నిట్టూర్చింది. "ఇంత చేసింది చాల్లే తల్లీ."

"పోయినోళ్ళకి ఈ ఏడే రెండో పరీక్ష, మూడో పరీక్ష ఉండాది గదమ్మా" అంది చౌడమ్మ.

రెండో పరీక్షలోనూ లెక్కలు పోయాయి. ఆ రోజు మాత్రం ఆమె అన్నం తినలేదు. మిద్దె ఎక్కి, పేపరు పరుచుకుని, ఎక్కడ తప్పిందో చూసుకుంది. ఒక్కొక్క రకం లెక్క తనకు వస్తుంది. పాఠం పేరు చూసి చేస్తే అన్నీ వస్తాయి. పేపరులో ఆ పేరు ఉండదు, ఇది ఏ రకమో తానే పోల్చుకోవాలి. ఆ పని ఇంతవరకు ఎప్పుడూ చేయలేదు. పల్లవిని పిలిచి, అన్ని పాఠాల లెక్కలూ చీటీల మీద రాయించి, చాటలో కలిపేయించింది. రోజూ కొన్ని చీటీలు తీసి, చేసే ముందు ఇది ఏ లెక్క, ఎందుకని అని పైకి చెప్పుకునేది. మొదట్లో సగం తప్పులే. తిట్టుకుంటూనే చేసింది. పాపక్క ఆ తిట్లు విని, "లెక్కలంటే ఇంత గలాటానా" అని నవ్వేది.

మూడో పరీక్షలో లెక్కలు పాసయ్యాయి. గొప్ప మార్కులేం కావు, గీత దాటాయి. చౌడమ్మకు అవి చాలు.

ఆ తరువాత కొన్నాళ్ళకు వర్తూరులో చుట్టాల గృహప్రవేశం. పంక్తి భోజనాల్లో చౌడమ్మ పక్కన పిన్ని వరసయ్యే అంజినమ్మ కూర్చుంది. ఎదురు వరసలో గిరిధర్. అంజినమ్మ అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "ఆ జబ్బు ఇప్పుడు తగ్గిందేమే?" అంది.

చౌడమ్మ తన మామూలు గొంతుతోనే చెప్పింది. "ఫిట్సా పిన్నీ? ఉండాది. మాత్రలు మింగుతావుండా. పదో తరగతి పాసైతి ఈ ఏడు, తెలుసా?"

పంక్తిలో నాలుగైదు తలలు ఇటు తిరిగాయి. గిరిధర్ తల కూడా. అతను ఏదో అనబోతున్నాడని ఆమె అనుకుంది, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. గిరిధర్ అటు పోతున్న వడ్డించే మనిషిని ఆపాడు.

"మా చెల్లెలికి ఇంకొంచెం పాయసం వెయ్యప్పా" అన్నాడు.

అంజినమ్మ ఇంకా తేరుకోలేదు. "ఈ వయసులో చదివి ఏం చేస్తావే?"

"పది ఐపోయింది గదా, ఇంక పీయూసీ కడతా" అంది చౌడమ్మ, ఆకు మీద పడ్డ పాయసంలో వేలు ముంచుతూ.